పసుపు మరకను తీసేది వెలుతురా, వేడా?



సోమవారం తెల్ల యూనిఫాం. లంచ్ బాక్సులో పులిహోర. సాయంత్రం బస్సు దిగేసరికి చొక్కా జేబు పక్కన పసుపు మరక. మీలో చాలామందికి ఇది కొత్త కాదు. సబ్బు రాస్తే మరక పోకపోగా ఎర్రగా మారి ఇంకా కంగారు పెడుతుంది. క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కుతుంది మరి, ఏడో తరగతి సైన్స్‌లో మీ పిల్లలు చేసే సూచికల ప్రయోగం ఇదే. ఇంట్లో పెద్దవాళ్లుంటే "ఉతికి ఎండలో ఆరేయమ్మా, అదే పోతుంది" అంటారు. నిజంగానే పోతుంది. ఒకటి రెండు మంచి ఎండలు తగిలితే చాలు.

ఇప్పుడు మీ అమ్మాయో అబ్బాయో "మరకను తీసింది ఎండలోని వేడా, వెలుతురా?" అని అడిగారనుకోండి. "వేడయితే ఇస్త్రీ పెట్టెకే పోవాలిగా, పోలేదంటే వెలుతురే" అని మీరు చెప్పొచ్చు. మంచి జవాబే. కానీ చురుకైన పిల్లలు అక్కడితో ఊరుకోరు. "ఇస్త్రీ పెట్టె కాసేపే కదా తగిలేది, ఎండ రోజంతా ఉంటుంది" అంటారు. అదీ నిజమే. అప్పుడేం చేస్తారు?

సరిగ్గా ఈ ప్రశ్న మీదే కొన్నేళ్లుగా అమెరికాలో, ఇజ్రాయెల్‌లో పేరున్న శాస్త్రవేత్తలు పేజీల కొద్దీ వాదించుకున్నారు. అక్కడ పసుపు మరక బదులు లోహపు నలుసులున్నాయి, చొక్కా బదులు గాజు కిటికీ ఉన్న చిన్న రియాక్టర్ ఉంది. అంతే తేడా. ఈ నెల వ్యాసం ఆ నలుసుల గురించి.

ఎర్రటి బంగారం

కోవిడ్ రోజుల్లో ఇంట్లో వాడిన ర్యాపిడ్ టెస్ట్ కిట్ గుర్తుందా? 'సి' అక్షరం దగ్గర ఒక ఎర్ర గీత వచ్చేది. చాలా కిట్లలో ఆ గీత బంగారంతో వచ్చిందే. రంగు కలపలేదు, అచ్చమైన బంగారమే. కాకపోతే ఒక్కో రేణువు కొన్ని పదుల నానోమీటర్లే ఉంటుంది. మన తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. 40 నానోమీటర్ల రేణువులను పక్కపక్కన పేరిస్తే, వెంట్రుక అడ్డకొలతకు రెండు వేలు పడతాయి.

మెడలో గొలుసు పచ్చగా మెరుస్తుంటే ఈ బంగారం ఎర్రగా ఎందుకుంది? లోహాల్లో ఏ అణువుకూ కట్టుబడి ఉండని ఎలక్ట్రాన్లు ఉంటాయని మీ పిల్లలు చదువుకునే ఉంటారు. వెలుతురు ఒక తరంగం. అది తగిలినప్పుడు చిన్న రేణువులోని ఆ ఎలక్ట్రాన్లన్నీ కలిసికట్టుగా ఇటూ అటూ ఊగుతాయి. ఉయ్యాల ఊపేటప్పుడు సరైన సమయానికి తోస్తే చిన్న తోపుకే ఎంత ఎత్తుకు వెళుతుందో మీకు తెలుసు. వేళ తప్పి తోస్తే ఉయ్యాల మొరాయిస్తుంది. బంగారు రేణువు ఉయ్యాలకు సరిగ్గా కుదిరే తోపు ఆకుపచ్చ వెలుతురుది. అందుకే అది ఆకుపచ్చను గట్టిగా పట్టుకుంటుంది, మిగిలిన వెలుతురు మన కంటికి ఎర్రగా కనిపిస్తుంది. వెండి రేణువులు ఊదారంగు వైపు వెలుతురును పట్టుకుంటాయి కాబట్టి పసుపుపచ్చగా ఉంటాయి. రేణువు పరిమాణం, ఆకారం మారిస్తే అది పట్టుకునే రంగు కూడా మారుతుంది. ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఊగే ఈ ఊపునే ప్లాస్మాన్ అంటారు.

ఇదేమీ నిన్నమొన్నటి సంగతి కాదు. మైకేల్ ఫారడే 1857లో లండన్‌లో ఇలాంటి ఎర్రటి బంగారు ద్రావణాలు తయారుచేసి, ఆ రంగు సన్నటి బంగారు రేణువుల వల్లే వస్తోందని చెప్పాడు. ఆయన చేసిన సీసాలు కొన్ని అక్కడి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో నేటికీ భద్రంగా ఉన్నాయి. లెక్క కట్టి వివరించింది జర్మనీకి చెందిన గుస్తావ్ మీ, 1908లో. (కొలాయిడ్లు, ఉత్ప్రేరకాలు కలిపి చెప్పే సర్ఫేస్ కెమిస్ట్రీ పాఠాన్ని ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకం నుంచి ఈ మధ్య తీసేశారు. సిలబస్ బరువు తగ్గాలన్న మాట సబబే కానీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ చేతులు కలిపే పాఠం అదొకటి. పోవడం నాకు వెలితిగానే ఉంది.)

పట్టుకున్న వెలుతురు ఎటు పోతుంది?

కథ మలుపు తిరిగేది ఇక్కడే. ఎలక్ట్రాన్ల ఊపు ఎంతోసేపు ఉండదు. సెకనులో సుమారు కోటికోట్లవ వంతు కాలంలోనే సద్దుమణుగుతుంది. ఆ శక్తి కొన్ని ఎలక్ట్రాన్లకు చేరి అవి మామూలుకన్నా చాలా ఉద్రిక్తంగా ఉంటాయి. శాస్త్రవేత్తలు వీటిని హాట్ ఎలక్ట్రాన్లు అంటారు. ఆ క్షణంలో రేణువు ఒంటికి ఏదైనా వాయువు అణువు అతుక్కుని ఉంటే, హాట్ ఎలక్ట్రాన్ అందులోకి దూకి దాని బంధాన్ని సడలించగలదు. అలా దూకలేకపోతే దాదాపు లక్ష కోట్లవ వంతు సెకనులో ఆ శక్తంతా లోహంలోకి జారి, రేణువు వేడెక్కుతుంది. అంటే వెలుతురుకు రెండు దారులు: ఎలక్ట్రాన్‌గా అణువును తాకడం, లేదా వేడిగా మారిపోవడం.

పసుపు మరకలో ఈ మధ్యవర్తి అక్కర్లేదు. పసుపులోని కర్కుమిన్ నీలం, ఊదా వెలుతురును తనే పీల్చుకుంటుంది, అందుకే అది మనకు పచ్చగా కనిపిస్తుంది. పీల్చుకున్న శక్తితో చిన్న చిన్న రంగులేని ముక్కలుగా విడిపోతుంది. ఐస్‌క్రీముకు వాసననిచ్చే వెనిలిన్ కూడా ఆ ముక్కల్లో ఒకటి. కానీ హైడ్రోజన్, నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ రంగులేని వాయువులు. కంటికి కనిపించే వెలుతురు వాటిలోంచి దూసుకుపోతుందే తప్ప వాటికి అంటదు. ఆ వెలుతురును పట్టి వాటి చేతికి అందించే బ్రోకర్ కావాలి. లోహపు నలుసు చేసేది ఆ పనే.

ఇంత తిప్పలు ఎందుకు, వేడి చేస్తే చాలదా అంటారేమో. శతాబ్దానికి పైగా రసాయన పరిశ్రమ చేస్తున్నది అదే. వేడితో చిక్కేమిటో వంటింట్లో పోపు పెట్టేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మూకుడులో నూనె అన్నింటికీ ఒకేలా కాగుతుంది. ఆవాలు చిటపటలాడే దాకా ఆగితే జీలకర్ర మాడుతుంది, మినప్పప్పు నల్లబడుతుంది. వేడి ఎవరినీ ఎంచుకోదు. మనం ఒకదాని తర్వాత ఒకటి వేసుకుని గట్టెక్కుతాం. రియాక్టర్‌లో ఆ వీలుండదు. అన్ని అణువులూ ఒకేసారి లోపల ఉంటాయి, కావలసిన పదార్థంతోపాటు అక్కర్లేనిది కూడా తయారవుతుంది. తర్వాత దాన్ని వేరు చేయడానికి మళ్లీ ఖర్చు, మళ్లీ ఇంధనం.

రోడియం చెప్పిన సంగతి

2017లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో జియ్ లియూ, హెన్రీ ఎవరిట్ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. వాళ్లు తీసుకున్న లోహం రోడియం. మన కార్ల సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌లో ఉండే ఖరీదైన లోహమే. దాన్ని 40 నానోమీటర్ల లోపు ఘనాలుగా చేశారు. వాటి మీదుగా కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ పంపారు.

300 డిగ్రీలకు వేడి చేస్తే కొంత మీథేన్ వచ్చింది. దాంతోపాటు దాదాపు అంతే కార్బన్ మోనాక్సైడ్ కూడా. మీథేన్ వంటగ్యాస్‌లా కాల్చుకోదగ్గ ఇంధనం, కార్బన్ మోనాక్సైడ్ విషం. ఇక వేడి ఆపేసి అల్ట్రావయొలెట్ ఎల్‌ఈడీ వేశారు. గది ఉష్ణోగ్రత దగ్గరే చర్య మొదలైంది. తయారైంది దాదాపు అంతా మీథేనే.

చర్య వేగం పెరగడం కన్నా నాకు ఈ రెండోదే పెద్ద విషయంగా తోస్తుంది. వేగం పెంచే సాధనాలు మనకు చాలా ఉన్నాయి. అవే వాయువులు, అదే లోహం ఉండగా స్విచ్ వేస్తే ఒక పదార్థం, పొయ్యి వెలిగిస్తే రెండు పదార్థాలు రావడం వేరే సంగతి. వాళ్ల వివరణ ఇది: మీథేన్‌కు దారితీసే మధ్యస్థ అణువు ఒకటి రోడియం మీద ఏర్పడుతుంది. హాట్ ఎలక్ట్రాన్ కూర్చోవడానికి తగిన ఖాళీ చోటు ఆ అణువులో ఉంది. ఎలక్ట్రాన్ అక్కడ చేరగానే కార్బన్, ఆక్సిజన్ మధ్య బంధం సడలి దారి మీథేన్ వైపు తెరుచుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్ వైపు దారికి వెలుతురు పెద్దగా సాయం చేయదు.

అసలు గొడవ

ఇక మీ పిల్లల ప్రశ్నకు వద్దాం. వెలుతురు పడితే రేణువు వేడెక్కుతుందని పైనే చెప్పుకున్నాం. మరి చర్యను నడిపింది హాట్ ఎలక్ట్రాన్లా, ఆ వేడేనా?

హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో నవోమి హలాస్, పీటర్ నార్డ్‌లాండర్ బృందం ఈ రంగంలో అందరికన్నా ముందు పేరు తెచ్చుకున్నవారిలో ఒకటి. రాగి, రుథేనియం కలిపిన రేణువులతో అమోనియాను విడగొట్టి, అందులో వేడి వాటా ఎంత, హాట్ ఎలక్ట్రాన్ల వాటా ఎంత అని లెక్క తేల్చామంటూ 2018లో 'సైన్స్' పత్రికలో రాశారు. మరుసటి ఏడాది అదే పత్రికలో ఇజ్రాయెల్‌లోని బెన్-గురియన్ యూనివర్సిటీ నుంచి యోనాతన్ సివాన్ బృందం అభ్యంతరం చెప్పింది. సారాంశం ఇది: మీ కెమెరా చూపిన ఉష్ణోగ్రత సరైనది కాదు, అసలు ఉష్ణోగ్రత పెట్టి లెక్కిస్తే వేడి ఒక్కటే చాలు, కొత్త వివరణ అక్కర్లేదు. రైస్ బృందం తమ కొలతలను సమర్థించుకుంటూ జవాబిచ్చింది. వాదన మరికొన్ని పత్రికలకు పాకింది.

నాలుగు డిగ్రీలు అటూ ఇటూ అయితే ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే చాలా చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందని పిల్లలు ఇంటర్‌లో బట్టీ పడతారు. ఇప్పుడు ఆ వాక్యం ఎందుకుందో చూడండి. ఉష్ణోగ్రత కొలవడంలో కొద్దిపాటి తప్పు దొర్లినా, ఆ తేడా అంతా "వెలుతురు మహిమ" ఖాతాలో పడిపోతుంది. పైగా వెలుతురు తగిలే పై పొర వేడెక్కుతుంది, అడుగు చల్లగా ఉంటుంది. థర్మామీటర్ ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టి జవాబు మారిపోతుంది. డ్యూక్ బృందం 2018లో తమ ఉత్ప్రేరకపు పొరకు పైన ఒకటి, అడుగున ఒకటి ఉష్ణోగ్రత కొలిచే తీగలు పెట్టి, రెండు వాటాలనూ వేరు చేసే ప్రయత్నం చేసింది. తమ ఫలితాన్ని తామే మళ్లీ అనుమానించి చూసుకోవడం నాకు నచ్చిన విషయం.

నా మటుకు నన్ను ఎక్కువగా ఒప్పించింది మాత్రం 2021లో స్టాన్‌ఫర్డ్‌లో జెనిఫర్ డియోన్ బృందం చేసిన పని. పల్లాడియం అనే లోహం స్పాంజిలా హైడ్రోజన్‌ను పీల్చుకుంటుంది. వాళ్లు ఒక సన్నటి పల్లాడియం కడ్డీని, ఒక బంగారు కడ్డీని ప్లస్ గుర్తులా అడ్డంగా అమర్చారు. పల్లాడియంలోంచి హైడ్రోజన్ బయటికి పోయేటప్పుడు మామూలుగా ఆ మార్పు కడ్డీ కొనల దగ్గర మొదలవుతుంది, అక్కడే అది తేలిక. వెలుతురు వేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే, కొనల దగ్గర కాకుండా కడ్డీ పక్క ముఖాల మీద కూడా మార్పు మొదలైంది. బంగారం వెలుతురును కేంద్రీకరించింది కొనలకు దూరంగానే. రేణువంతా వేడెక్కడమే కారణమైతే, చర్య తనకు తేలికైన కొనలనే ఎంచుకోవాలి కదా? అంటే ఏ పదార్థం రావాలన్నదే కాదు, రేణువులో ఏ చోట చర్య మొదలవ్వాలన్నది కూడా వెలుతురుతో మార్చవచ్చన్నమాట.

అలాగని అన్ని ప్రయోగాల్లోనూ హాట్ ఎలక్ట్రాన్లే గెలిచాయని కాదు. కొన్నింటిలో పని చేసింది చాలావరకు వేడే. ఏ చర్యకు ఆ చర్యను విడిగా పరీక్షించాల్సిందే.

రామగుండం నుంచి హ్యూస్టన్ దాకా

ఇందులో మనకు ఒరిగేదేమిటి? రామగుండం ఎరువుల ఫ్యాక్టరీనే తీసుకోండి. యూరియాకు ముందు అమోనియా కావాలి. నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమోనియా కావాలంటే సాధారణంగా 400 నుంచి 500 డిగ్రీల వేడి, 150 వాతావరణాలు దాటిన పీడనం, ఇనుము ఉత్ప్రేరకం కావాలి. ప్రపంచం వాడే మొత్తం శక్తిలో ఒకటి నుంచి రెండు శాతం ఈ ఒక్క పదార్థం తయారీకే పోతుందని అంచనా. మన అన్నం ముద్ద వెనక ఉన్న మంట అది.

రైస్ బృందం చేసింది దీనికి తిరుగు ప్రయాణం, అంటే అమోనియాను విడగొట్టి హైడ్రోజన్ తీయడం. హైడ్రోజన్‌ను ఓడల్లో పంపడం కష్టం. అమోనియా అయితే సున్నాకు 33 డిగ్రీలు దిగువనే ద్రవమవుతుంది, పంపడం తేలిక. గమ్యం చేరాక విడగొట్టుకోవచ్చు. ఆ పనికి బాగా పనికొచ్చే రుథేనియం మాత్రం అరుదైన, ఖరీదైన లోహం. ఇనుము వేడితో ఈ పని అంత బాగా చేయదు. 2022లో రైస్ బృందం రాగికి ఇనుము జోడించి ఎల్‌ఈడీ వెలుతురులో పెడితే, దాని సామర్థ్యం రాగి-రుథేనియం జోడీకి దగ్గరగా వచ్చింది. రాగి వెలుతురును పట్టే యాంటెనా, ఇనుము చర్య జరిపే చోటు. ఒకప్పుడు మన డాబాల మీద ఉండే టీవీ యాంటెనా, కింద గదిలో టీవీ లాంటి పొత్తే ఇది. హలాస్, నార్డ్‌లాండర్ పరిశోధన నుంచి పుట్టిన సిజీజీ ప్లాస్మోనిక్స్ అనే కంపెనీ ఎల్‌ఈడీలు అమర్చిన పెద్ద రియాక్టర్లను పరీక్షిస్తోంది.

కారుచౌక ఇనుము ఖరీదైన లోహం పని చేయడం చిన్న విషయం కాదు. కానీ ఫ్యాక్టరీలు రేపే మారిపోతాయని మీ పిల్లలకు చెప్పకండి. వెలుతురు ఉత్ప్రేరకపు పొరలో పైపైనే చొరబడుతుంది, రోజుకు వేల టన్నులు చేసే చోట అదొక పెద్ద అడ్డంకి. ఎల్‌ఈడీకి కరెంటు కావాలి. రేణువులు కాలక్రమంలో ఒకదానికొకటి అతుక్కుని పెద్దవైపోతాయి, ఉయ్యాల లయ తప్పుతుంది. అలాగే, సీసా మీద 'నానో' అని రాసి అమ్మే ప్రతి వస్తువుకూ ఈ సైన్స్‌తో సంబంధం ఉంటుందనుకోవద్దు. ముఖ్యంగా నానో వెండి కలిపిన నీళ్లంటూ అమ్మేవి పిల్లలకు తాగించవద్దు.

ఈ ఆదివారం డాబా మీద

రోడియం మన దగ్గర లేదు, పసుపు ఉంది. పాత తెల్ల బనియన్‌ను అరచేయంత ముక్కలు ఐదు కత్తిరించండి. చెంచాడు పసుపు నీళ్లలో కలిపి అన్నింటినీ ఒకేసారి ముంచి, నీడలో ఆరనివ్వండి. ఒక ముక్క ఇంట్లో అల్మారాలో పెట్టండి. రెండోది నేరుగా ఎండలో. మూడోదాన్ని నల్ల చార్టు ముక్క కింద పూర్తిగా మూసి అదే ఎండలో పెట్టండి. నలుపు ఎండను పీల్చుకుంటుంది కాబట్టి దాని కింద వేడి తక్కువేమీ ఉండదు, వెలుతురు మాత్రం ఉండదు. నాలుగోది నీలం జిలటిన్ పేపర్ కింద, ఐదోది ఎర్ర జిలటిన్ పేపర్ కింద. కాగితం పల్చగా ఉంటే రెండు మూడు మడతలు వేయండి. గాలికి ఎగరకుండా అంచుల మీద రాళ్లు పెట్టండి.

విప్పి చూసే ముందే ఏ ముక్క ఎక్కువ వెలుస్తుందో, ఏది వెలవదో, ఎందుకో పిల్లల చేత నోట్‌బుక్‌లో రాయించండి. మీరూ మీ ఊహ విడిగా రాసుకోండి, వాళ్లకు చూపించకుండా. నల్ల చార్టు కింద ముక్క పచ్చగానే మిగిలితే ఇస్త్రీ పెట్టె వాదన తేలిపోతుంది. నీలం, ఎరుపు ముక్కల మధ్య తేడా కనిపిస్తే, కర్కుమిన్ పీల్చుకునేది ఏ రంగో పిల్లలే చెప్పగలరు. శాస్త్రవేత్తలు కూడా రంగులు మార్చి ఇలాగే సరిచూస్తారు.

గంటకోసారి పక్కపక్కన పెట్టి ఫోటో తీయండి, ఎండలో కాదు, ప్రతిసారీ ఒకే గదిలో ఒకే లైటు కింద. ముక్కల మీద నంబర్లు పెన్సిల్‌తో వేయండి. స్కెచ్ పెన్ను రంగు కూడా ఎండకు వెలుస్తుంది.